మార్జిన్ కోసేసిన పుస్తకాలు

జూన్ 3

గిలక్కాయా,

ఎలా ఉన్నావని అడగను. మీటింగుల మధ్య తిండి కూడా మర్చిపోతున్నావని మీ అమ్మ చెప్పింది. పళ్ళున్నప్పుడే నమలాలి తల్లీ. ఈ మాట పళ్ళ డాక్టరు చెబుతోంది కాబట్టి విను.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావా? నా గదికీ, మందుల కోసం జనం వరస కట్టే వరండాకీ మధ్య ఉన్నది ఒక అట్ట గోడ. ఇక్కడ గుసగుసలాడితే అక్కడ తలలూపుతారు. హెచ్‌ఐవి రోగుల సంగతులు ఫోన్లో మాట్లాడకూడదని నేను పెట్టుకున్న నియమం. ప్రతి మంగళవారం ఇక్కణ్ణించి రక్తం సీసాలు మీ ఊరి పెద్ద ల్యాబుకి తీసుకెళ్ళే బండి ఉంది కదా, దాని డ్రైవరు ఈ కవరు నీకిస్తాడు. శనివారం తిరిగొస్తాడు, జవాబు అతని చేతికే ఇవ్వు. నత్తతో పందెం వేసినా ఓడిపోతాడు గాని నమ్మకస్తుడు.

ఇక అసలు సంగతి. నా దగ్గరికి ఒకావిడ వస్తుంది, బట్టలు కుడుతుంది. పై ముందుపళ్ళ మధ్య సందు. దారం ఆ పళ్ళతోనే తెంపుతుంది, వద్దంటే వినదు. నాలుగేళ్ళుగా మందులు ఒక్కపూట తప్పలేదు. కిందటి నెల నోరు తెరిస్తే బుగ్గల లోపల తెల్లపూత. మందు రాసి పంపితే తగ్గింది, మూడు వారాల్లో మళ్ళీ వచ్చింది. హెచ్‌ఐవి మందు సరిగ్గా పనిచేస్తున్న మనిషికి అలా మళ్ళీ మళ్ళీ రాకూడదు. ఆ మందు పట్టు తప్పుతోందని నా అనుమానం. రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తే తేలిపోతుంది. కానీ ఆ పరీక్ష ఏడాదికోసారే, ఆవిడ వంతు జనవరిలో.

మందుల డాక్టరు దగ్గరికెళ్ళి ఇప్పుడే చేయించమన్నాను. “మేడమ్, మీరు పళ్ళు చూసుకోండి, వైరస్‌ని నేను చూసుకుంటా. పూతని బట్టి పరీక్ష రాయాలంటే రుజువు కావాలి” అన్నాడు. నా కొడుకు వయసు వాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

రుజువు నా సొరుగులో ఉంది. పదకొండేళ్ళుగా ఏడు లావుపాటి పుస్తకాలు రాశాను. ఒక్కో రోగికి ఒక్కో పేజీ. పేజీ మధ్యలో నోటి బొమ్మ గీస్తాను, ఏ పన్నుకి ఎప్పుడు ఏం చేశానో, ఎందుకో రాస్తాను, పూత వచ్చినచోట నీలం పెన్సిలుతో రుద్ది తేదీ వేస్తాను. ఎవరిదో మార్జిన్లో రాసుకుంటాను. ఎవరికి పూత మళ్ళీ వచ్చింది, తర్వాత వాళ్ళ రక్తం ఏం తేలింది, రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళే లేరు.

మీ ఆఫీసు బోర్డు మీద ‘నోటి ఆరోగ్య పరిశోధనా సామర్థ్యం పెంపు పథకం’ అని ఉంటుందట. చదివేసరికే దవడ పట్టేసింది. ఆ సామర్థ్యం కొంచెం ఇటు పంపు.

నీ పాలపళ్ళు పీకిన
పిన్ని


జూన్ 7

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి కుర్చీలోంచి లేచిపోయాను. పక్కావిడ బల్లి పడిందేమో అనుకుంది.

మా పథకం సంగతి నీకు తెలియదు. డబ్బున్న దేశపు విశ్వవిద్యాలయం ఒకటి, మనలాంటి దేశాల్లో హెచ్‌ఐవి రోగుల నోరు చూసే డాక్టర్లకి పరిశోధన నేర్పమని దీన్ని పెట్టింది. మూడేళ్ళయింది. పెద్ద హాల్లో నాలుగుసార్లు శిక్షణ, తెరమీద బొమ్మలు, అందరికీ సర్టిఫికెట్లు. ఇప్పటిదాకా మన డాక్టరు ఒక్కరు అడిగిన ఒక్క ప్రశ్నకి కూడా మేము జవాబు వెతకలేదు. ప్రశ్నలు కూడా అక్కణ్ణించే వస్తాయి. నువ్వు అడిగావు చూడు, అదీ ప్రశ్న అంటే!

ఏడు పుస్తకాలూ వెంటనే పంపు. నేనే టైపు చేయిస్తాను. ఎవరు ఎవరో పోల్చుకునే వివరాలేవీ ఆఫీసు లోపలికి రాకూడదని మా దగ్గర గట్టి నియమం. ఆ పని నాకు వదిలెయ్, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాను.

ఒక ఫారం జతచేశాను. చివర సంతకం పెట్టి పంపు. నీ మొన్నటి పిచ్చి నవ్వు ఫోటో కూడా ఒకటి పంపు, ఫారానికి అంటించాలి.

మధ్యాహ్నం అన్నం తిన్నాను, అమ్మకి చెప్పు.

నీ గిలక


జూన్ 17

గౌరవనీయ శిక్షణ అధికారిణి గారికి,

పుస్తకాలు పాత దుప్పటిలో మూటగట్టి బండిలో రక్తం పెట్టె పక్కన పెట్టించాను. డ్రైవరు “బరువెక్కువుందమ్మా, లోపల ఏముంది?” అన్నాడు. నా పదకొండేళ్ళు అన్నాను. నవ్వాడు.

ఫారం మీద సంతకం పెట్టాను. పెట్టేముందు పైన నా పేరు పక్కన ఏం రాసి ఉందో చూశాను. ‘శిక్షణార్థి’. చాలా సంతోషం. ముప్ఫై ఏళ్ళుగా నోళ్ళు చూస్తున్నాను. ఇన్నాళ్ళకి మా అక్క కూతురి దగ్గర ఓనమాలు దిద్దుకునే యోగం పట్టింది. పలక నువ్వే కొనిస్తావా, నన్నే తెచ్చుకోమంటావా?

కుట్టుపని ఆవిడ మొన్న వచ్చింది. పూత కొండనాలుక దాకా పాకింది. మింగడం కష్టంగా ఉందంది. నేను పూతకి మందు రాయగలను గాని, అసలు మందు మార్చడం నా చేతిలో లేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే మందుల డాక్టరు కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే “జనవరి” అన్నాడు. ఆ నెల పేరు వింటేనే ఒళ్ళు మండుతోంది. ఆవిడ దగ్గర మిగిలినవి కాక ఇంకో మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చి పంపించాడు. అక్టోబరు మొదటివారం దాకా మందులకి రానక్కర్లేదు. పూత మందుకి మాత్రం నా దగ్గరికి రమ్మన్నాను.

ఫోటో పంపడం లేదు. శిక్షణార్థులు నవ్వకూడదేమో కదా.

మీ విధేయురాలు


జూలై 12

పిన్నీ,

కోపం వచ్చిందని తెలుసు. ముందు శుభవార్త చెబుతాను.

మూడు ఆదివారాలు ఇంట్లో కూర్చుని పుస్తకాలు సిద్ధం చేశాను. తెరిచి చూద్దును కదా, మార్జిన్ల నిండా ‘సందుపన్ను’, ‘వెండి కోర’, ‘నవ్వితే చిగుళ్ళు’, ‘అరిగిన దవడ మేస్త్రీ’! ఇవి పేర్లకంటే ప్రమాదం పిన్నీ. మీ వీధిలో ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. అందుకని టైపిస్టు చేతికి ఇవ్వకముందే పేజీ పేజీకీ మార్జిన్ నేనే కత్తెరతో కోశాను. నాలుగు వందల పన్నెండు పేజీలు. బొటనవేలు బొబ్బ కట్టింది. ముక్కలు నా కళ్ళముందే మిషన్లో వేసి పొడి చేయించాను. మా ఆఫీసు పెద్దాయన చూసి “గోప్యత అంటే ఇలా ఉండాలి” అని అందరిముందూ మెచ్చుకున్నాడు.

ఇక నీ క్లినిక్ నంబర్ల జాబితా పంపావంటే, వాటిని రక్తపరీక్షల రిజిస్టరుతో జతచేసి రెండు వారాల్లో లెక్క తేలుస్తాను. పుస్తకాలు బండిలో తిరిగి పంపుతున్నాను.

ఆ ‘శిక్షణార్థి’ సంగతి. ఫారంలో రెండే గడులున్నాయి, ‘శిక్షణార్థి’, ‘సమాచారం ఇచ్చినవారు’. రెండోది రాస్తే పుస్తకాలు తీసుకుని, చివర్లో చిన్నక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పి పంపేస్తారు. మొదటిది రాస్తేనే వ్యాసం మీద నీ పేరు వేయించే హక్కు నాకుంటుంది. నిన్ను తక్కువ చేయడానికి కాదు, నిన్ను వదులుకోకుండా ఉండటానికి రాశాను. ఫోన్ ఎత్తితే చెప్పేదాన్ని. నువ్వు ఎత్తలేదు.

బొబ్బ కట్టిన వేలితో,
గిలక


జూలై 22

పుస్తకాలు అందాయి. ఎడమపక్క అరంగుళం లేదు.

ఏ నంబర్ల జాబితా? నా దగ్గర నంబర్లెక్కడివి? నంబర్లున్న రిజిస్టరు మందుల డాక్టరు బీరువాలో ఉంటుంది, తాళం అతని జేబులో ఉంటుంది. నా గదిలో పేరు చెప్పడానికి జనం వణుకుతారు. కార్డు చూపించమంటే మర్నాడు రారు. అందుకే పేరడగను, నంబరడగను. నోరు తెరవమంటాను. నోట్లో ఏం కనిపిస్తే అదే వాళ్ళ పేరు. నాకూ వాళ్ళకూ ఆ పేరే గుర్తు. ఏ పేజీ ఎవరిదో చెప్పేది ఆ మార్జిన్ ఒక్కటే. నువ్వు కోసి పొడి చేయించినది అదే.

ఇప్పుడు నా దగ్గర నాలుగు వందల పన్నెండు నోళ్ళున్నాయి, ఒక్కదానికీ మనిషి లేడు. నీకు మెప్పు దక్కింది కదా, జాగ్రత్తగా దాచుకో.

పిన్ని


జూలై 26

పిన్నీ,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. ఏడోసారి చదవలేకపోయాను.

తప్పు నాదే. కానీ ఒక్కమాట అంటాను, కోప్పడితే కోప్పడు. ‘ఎవరిదో మార్జిన్లో రాసుకుంటాను’ అన్నావు. నంబర్లు వేరే లేవని ఎక్కడా అనలేదు. ఏ ఆసుపత్రిలోనైనా నంబరుంటుందని నేననుకున్నాను. నీ గదిలో పని ఎలా జరుగుతుందో ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు, ఇక్కడ కూర్చుని నీకు నేర్పుదామని బయల్దేరాను. మా పథకం మొత్తం చేస్తున్నది ఇదేనేమో.

పెద్దాయనకి చెప్పాను. “ఆ పుస్తకాలు ఇక పనికిరావు, కొత్త ఫారాలతో మొదట్నుంచి మొదలెడదాం, ఐదేళ్ళలో తేలుతుంది” అన్నాడు. ఐదేళ్ళట! టీ తాగుతూ ఎంత తేలిగ్గా అన్నాడో. నాకు ఏడుపొచ్చి బాత్రూంలోకి వెళ్ళిపోయాను. అమ్మకి చెబితే “దాని పుస్తకాలకి కత్తెర పెట్టావా?” అని ఫోన్ పెట్టేసింది.

ఆవిడ ఎలా ఉంది? పూత తగ్గిందా? అదొక్కటైనా రాయి.

గిలక


ఆగస్టు 12

గిలకా,

రెండు వారాలు నీ మీద కోపంతో రాయలేదు. మూడోవారం నా మీద కోపంతో రాయలేదు.

ఆవిడ రావడం లేదు. ఆవిడే కాదు, రోజుకి పాతికమంది వచ్చే గదికి ఇప్పుడు తొమ్మిదిమంది వస్తున్నారు. నేను మూట బండెక్కించిన రోజు వరండాలో జనం చూశారు. ‘డాక్టరమ్మ మన పేర్లన్నీ పెద్దూరికి పంపేసింది’ అని ఒకరు మొదలెట్టారు. వెండి కోర ఆయన మొహం మీదే అడిగాడు, “ఎవరికిచ్చావమ్మా మమ్మల్ని?” అని. మా అక్క కూతురికి అన్నాను. మొహం తిప్పుకున్నాడు. పట్టపగలు, జనం కళ్ళముందు, ఒక్కరినీ అడక్కుండా మూట కట్టాను. కత్తెర నీది, మూట నాది. ఎవరి బుద్ధి ఎంతో తేల్చుకోవడం కష్టం.

ఆవిడ ఇల్లెక్కడో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అదే మంచిదనుకున్నాను. ఇప్పుడు ఆ మింగలేని గొంతుతో ఎక్కడ కూర్చుని కుడుతోందో తలచుకుంటే అన్నం సహించడం లేదు.

మొన్న పుస్తకాలు అటకమీద పారేద్దామని తీశాను. ఒకటి జారి తెరుచుకుంది. కింద దవడ, కుడివైపు చివరి పన్ను ఒరిగి ఉంది, దాని పక్కన నేను సగం నింపి వదిలేసిన గుంట. మార్జిన్ లేదు. కానీ చూడగానే “ఓహో మేస్త్రీ” అని పైకే అన్నాను. పేజీ తిప్పాను. నవ్వితే చిగుళ్ళు. ఇంకోటి తిప్పాను. గిలకా, నువ్వు చుట్టాల్ని మొహం చూసి పోల్చుకుంటావు, నేను నోరు చూసి పోల్చుకుంటాను. సాయంత్రానికి మూడు వందలు దాటాయి.

ఇంత జ్ఞాపకముందని తెలిశాక సంతోషించాలో, మీ పెద్దాయన దీన్ని ఒప్పుకోడని ఏడవాలో తెలియడం లేదు.

పిన్ని


ఆగస్టు 16

పిన్నీ,

పెద్దాయన ఒప్పుకోడు. ‘ముసలి డాక్టరమ్మ జ్ఞాపకం రుజువెలా అవుతుంది?’ అన్నాడు కూడా. (ముసలి అన్నది ఆయనే, నేను కాదు.) అందుకని నీ జ్ఞాపకానికే పరీక్ష పెడదాం.

ఇలా చెయ్యి. ఒక దుప్పటి తీసుకుని నోరు పట్టేంత రంధ్రం చెయ్యి. కుర్చీకి అడ్డంగా కట్టించు. మనిషి అటువైపు, నువ్వు ఇటువైపు. మాట వినిపించకూడదు, మొహం కనిపించకూడదు. నువ్వు నోరు మాత్రం చూసి పుస్తకంలో పేజీ సంఖ్య కాగితం మీద రాయాలి. అటువైపు ఇంకొకరు ఆ మనిషిని అడగాలి, ఏ పన్నుకి ఏం చేయించుకున్నారు, ఏ ఏడాది, ఎందుకు అని. ఆ జవాబులు నీ పేజీలో రాసినదానితో సరిపోవాలి. నలభైమందిని చూడు. ఈసారి ముందు ప్రతి ఒక్కరినీ అడిగి, ఒప్పుకుంటేనే కూర్చోబెట్టు.

అటువైపు కూర్చోవాల్సింది నీకు సాయం చేసేవాళ్ళు కాదు. నువ్వు ఓడిపోవాలని కోరుకునే మనిషి కావాలి. అలాంటివారు మీ ఆసుపత్రిలో ఒకరున్నారు కదా.

నేను రావడానికి సెలవడిగాను, ఇవ్వలేదు. నేర్పడానికి కాదు, చూడటానికి వస్తానంటే అలాంటి గడి ఫారంలో లేదన్నారు.

గిలక


సెప్టెంబరు 9

నా దుప్పట్లకి పట్టిన శనీ,

మంచి దుప్పటి నాశనమైంది. ఫలితం చెబుతాను, కూర్చో.

మందుల డాక్టరుకి నీ కాగితం చూపించాను. రెండుసార్లు చదివాడు. ఓడించే అవకాశం అనేసరికి కళ్ళు మెరిశాయి. మందులకి వచ్చినవాళ్ళని అతనే స్వయంగా అడిగాడు. చాలామంది వద్దన్నారు. పేరూ మొహమూ చూపించక్కర్లేదని తెలిశాక నలభైమంది దొరికారు. నాలుగు రోజులు పట్టింది.

రెండోరోజు ఒక నోరు వచ్చింది. ఎంత చూసినా ఏ పేజీలోనూ లేదు. “ఈ నోరు నా పుస్తకంలో లేదు. ఎవరిదైనా సరే, ముందు సిగరెట్లు మానమనండి” అన్నాను. దుప్పటి వెనక దగ్గు వినిపించింది. డాక్టరే! నన్ను బోల్తా కొట్టిద్దామని తనే కూర్చున్నాడు. వరండా అంతా నవ్వింది. ఆ నవ్వుతో సగం భయం పోయింది, వెండి కోర ఆయన తనంతట తనే వచ్చి కూర్చున్నాడు.

నలభైలో ముప్ఫై ఎనిమిది సరిగ్గా చెప్పాను. తప్పిన రెండూ అక్కచెల్లెళ్ళవి, ఒకరి పేజీ ఇంకొకరికి వేశాను.

డాక్టరు లెక్క తనే మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాడు. తర్వాత బీరువా తాళం తీశాడు. అలా మొదలుపెట్టి రెండు వారాలు, మందులకి వచ్చిన పాతవాళ్ళలో ఒప్పుకున్నవాళ్ళందరి నోళ్ళూ చూశాను. అతను నంబర్లు చెబుతుంటే నేను పేజీలు చెప్పాను. చనిపోయినవాళ్ళ పేజీలకి కూడా, నేను పళ్ళ గుర్తులు చెబితే అతను మనిషిని గుర్తుపట్టి నంబరు కలిపాడు. పూత పోయి మళ్ళీ వచ్చినవాళ్ళు ఇరవై ఆరుగురు తేలారు. వాళ్ళలో పంతొమ్మిదిమంది రక్తం తర్వాత చెడ్డగా వచ్చింది. పూతకీ రక్తంలో తేలడానికీ మధ్య సుమారు ఏడు నెలలు. ఏడు నెలలు ఆ పంతొమ్మిదిమంది పనిచెయ్యని మందు మింగారు. వాళ్ళలో ముగ్గురి పేరు మీద రిజిస్టరులో, పోయినవాళ్ళకి గీసే ఎర్రగీత ఉంది. ఆ ముగ్గురి నోళ్ళూ నాకు గుర్తే.

“మేడమ్, ముందే చూడాల్సింది” అన్నాడు. తిట్టాలని మూడు నెలలుగా దాచిపెట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు, తర్వాతి పేజీ తిప్పాను.

లెక్కలన్నీ జతచేశాను. కుట్టుపని ఆవిడ మాత్రం రాలేదు. రిజిస్టరులో ఆవిడ రాయించిన చిరునామాకి డాక్టరు మనిషిని పంపితే అది తప్పుదని తేలింది.

పిన్ని


సెప్టెంబరు 27

పిన్నీ,

మంచీ చెడూ కలిపి రాస్తున్నాను.

మంచి: డాక్టరు సంతకం చూసి పైవాళ్ళు దిగొచ్చారు. మీ ఆసుపత్రిలో మాత్రమే, ఆర్నెల్లు మాత్రమే, పూత మళ్ళీ వచ్చినవాళ్ళ రక్తం వంతు రాకముందే పంపొచ్చు. ఉత్తర్వు కాపీ జతచేశాను. గోడకి అంటించకు, నీ సంగతి నాకు తెలుసు.

చెడు: వ్యాసం మీద మొదటి పేరు ఆ విశ్వవిద్యాలయం ప్రొఫెసరుది వేద్దామన్నారు. ఆయన నీ దుప్పటినైనా చూడలేదు. నీకు చివర్న కృతజ్ఞతలట. నేను ఒప్పుకోలేదు. గొంతు లేచింది, తలుపులు మూశారు. బయటికొచ్చేసరికి మొదటి పేరు నీది, రెండోది డాక్టరుది. నా ఉద్యోగం సంగతి వచ్చేనెల తేలుస్తామన్నారు. తేల్చుకోనీ.

ఇంకో చెడు: ఇక్కడి ల్యాబులో సీసాలు వరసలో పడి ఉంటున్నాయి. ఫలితం రావడానికి మూడు నెలలు పడుతోంది. ముందే పంపి ఏం లాభం, ఇక్కడ నిలబెడితే? అడిగితే ‘వరస ప్రకారం’ అంటున్నారు.

ఆవిడ మందులు అయిపోయేది వచ్చేవారమే కదా. వస్తుందంటావా?

గిలక


అక్టోబరు 7

గిలకా,

వచ్చింది.

మందుల కిటికీ దగ్గర నిలబడి ఉంటే డాక్టరే పరుగెత్తుకొచ్చి నాకు చెప్పాడు. సగమైపోయింది మనిషి. నా గది గుమ్మం దాటలేదు. “నా పేజీ ఏదమ్మా? ఎవరెవరు చదివారు?” అంది. మూడో పుస్తకం తీసి ఆవిడ పేజీ తెరిచి చేతిలో పెట్టాను. తన పళ్ళ సందు తనే గుర్తుపట్టింది. తర్వాత ఎడమవైపు చూసింది. నా పేరుండాలే ఇక్కడ, అంది. పెద్దూరికి వెళ్ళేముందే కోసేశారు, అక్కడెవరికీ నువ్వెవరో తెలియదు, అన్నాను.

కోసిన అంచు మీద ఆవిడ వేలు పెట్టి పైనుంచి కిందిదాకా జరిపింది.

“ఎవరమ్మా కోసింది? కత్తెర పట్టడమే రాదు. అంతా వంకర” అంది.

మా అక్క కూతురు, నాలుగు వందల పన్నెండు పేజీలు కోసింది, వేలు బొబ్బ కట్టింది, అన్నాను. అప్పుడు లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. చెప్పకుండానే నోరు తెరిచింది. పూత గొంతు నిండా ఉంది.

నిన్ను తిట్టిన తిట్లన్నీ ఉంచుకో, వెనక్కి తీసుకోను. కానీ ఆ మార్జిన్ ఉండి ఉంటే ఈరోజు ఆవిడ గుమ్మం దాటేది కాదు. ఆ సంగతి కూడా రాసి పెడుతున్నాను.

డాక్టరు తన చేత్తోనే రక్తం తీశాడు. పూత మందు నేనిచ్చాను. మళ్ళీ గురువారం వస్తానంది. సీసా ఈ ఉత్తరంతోపాటే బండిలో వస్తోంది, మీద ‘వంతు కాదు, పూత’ అని నేనే ఎర్ర సిరాతో రాశాను. డ్రైవర్ని ఈ ఒక్కసారికి కాస్త తొందరగా నడపమన్నాను, తలూపాడు.

ఈ కవరు నీ చేతికొచ్చిందంటే ఆవిడ రక్తం కూడా మీ ఊరు చేరినట్టే. మూడు నెలలు ఆవిడ దగ్గర లేవు. ఇక చదవడం ఆపు. లేచి ల్యాబుకి వెళ్ళు, ఆ వరస ముందు నిలబడు.

పిన్ని